చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న టీచర్

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన వారం ఒక తండ్రి నా గదికి వచ్చి బాధగా అడిగారు, "మా వాడు బ్యాగు జిప్పు తియ్యలేక అవస్థ పడుతుంటే సహాయక టీచర్ పక్కనే చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చున్నారేమండీ?" అని. ఆయన కిటికీలోంచి చూసింది నిజమే. కానీ ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి తోడుగా ఉండే ఆవిడ ఆ నిమిషంలో ఎంత పని చేస్తున్నారో కిటికీలోంచి తెలియదు. అందుకే ఆయన సరేనన్నాక ఈ సంగతి మీ అందరికీ రాస్తున్నాను.

ఆవిడ మనసులో పది లెక్కపెట్టుకుంటున్నారు. అప్పటికీ బాబు కదలకపోతే జిప్పు వైపు వేలు చూపిస్తారు, ఆ తర్వాత "లాగు" అని ఒక్క మాట, అదీ చాలకపోతేనే చెయ్యి పట్టుకుని చేయిస్తారు. ఆ రోజు వేలు చూపించగానే లాగాడు, సగంలో గుడ్డ ఇరుక్కుంది, కాసేపు దాన్నే చూసి, వెనక్కి లాగి మళ్లీ ముందుకు లాగాడు. నోట్సులో ఆవిడ రాసుకున్నది "జిప్పు: వేలు చూపిస్తే చాలింది" అని. రెండు నెలల కిందటి పేజీలో "చెయ్యి పట్టి తీయించాను" అని ఉంది. ఆ రెండు పేజీలూ చూపిస్తే ఆ తండ్రి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

పక్కనే అంటిపెట్టుకుని అన్నీ చేసిపెట్టడం మనకి ప్రేమలా కనిపిస్తుంది. 1997లో మైకేల్ జియాన్‌గ్రెకో అనే పరిశోధకుడి బృందం అమెరికాలో ఇలాంటి పిల్లలున్న తరగతి గదులు పరిశీలించి రాసింది, నేనూ కళ్లారా చూసింది ఒకటే: పెద్దవాళ్లు ఎప్పుడూ పక్కనే ఉంటే తోటి పిల్లలు దగ్గరికి రారు, క్లాస్ టీచర్ కూడా ఆ పిల్లాడి బాధ్యత తనది కాదన్నట్టు పక్కకి తప్పుకుంటారు, వాడేమో పెన్సిల్ తియ్యడానికి కూడా పెద్దవాళ్ల మొహం చూస్తాడు.

అలాగని ఆవిడ దూరంగానే ఉండిపోరు. బెల్లు మోత తట్టుకోలేని పాపకి, ఇంకో రెండు నిమిషాల్లో మోగుతుందనగా బొమ్మ కార్డు చూపించి, చెవులకి హెడ్‌ఫోన్స్ అందిస్తారు. ముందే తెలిస్తే పాపకి సగం టెన్షన్ ఉండదు.

దయచేసి ఆవిడని ఆయా అనకండి. స్పెషల్ ఎడ్యుకేటర్ (ఇలాంటి పిల్లలకి నేర్పడంలో శిక్షణ పొందిన టీచర్), క్లాస్ టీచర్ కలిసి వేసిన ప్లాన్‌ని రోజంతా పిల్లల దగ్గర కూర్చుని నడిపించేది ఆవిడే. గేటు దగ్గర ఆపి "మా వాడు ఎంతవరకు వచ్చాడు?" అని అడిగితే ఆవిడ ఇబ్బంది పడతారు, అది డైరీలో రాయండి, ముగ్గురం కూర్చుని చూసి జవాబిస్తాం. వేరే పిల్లల గురించి మాత్రం అసలు అడగొద్దు.

ఇంట్లో పొద్దున్న హడావిడిలో పది లెక్కపెట్టడం ఎవరివల్లా కాదు, నాకు తెలుసు. సాయంత్రం ఒక్క పని చూసుకోండి, చెప్పులు విప్పడమో, సీసా మూత తియ్యడమో. ఎన్ని లెక్కపెట్టాక చెయ్యి కదిలిందో డైరీలో రాసి పంపితే మర్నాడు ఇక్కడ అక్కడి నుంచే మొదలుపెడతాం.

మీ ప్రధానోపాధ్యాయురాలు