విషయం: ఫ్లిప్పర్ బటన్ స్విచ్‌లు - ఏడు మెయిళ్లకూ జవాబు లేకపోవడం గురించి

అయ్యా,

ఇంగ్లీషులో ఏడు మెయిళ్లు రాశాను. పట్టించుకున్న నాథుడు లేడు. యజమాని మీరూ తెలుగువారేనని తెలిసి, ఈసారి నేరుగా మీకే తెలుగులో రాస్తున్నాను.

మాది 1976 నాటి గాట్‌లీబ్ రాయల్ ఫ్లష్ పిన్‌బాల్ మెషీన్. మేముండే ఈ షికాగో చుట్టుపక్కలే తయారైంది. బంతిని కొట్టే ఫ్లిప్పర్లను లేపే దాని బటన్ స్విచ్‌లకు టంగ్‌స్టన్ కాంటాక్ట్‌లు (కరెంటును కలిపే మొనలు) కావాలని మీ విడిభాగాల షాపులో ఆర్డరిచ్చాను. ప్యాకెట్ మీద అలాగే రాసి ఉంటే నమ్మి బిగించాను. లోపల ఉన్నవి బంగారు పూతవి. ఆ కాలం మెషీన్లలో ఫ్లిప్పర్‌ను లేపే కాయిల్‌కు (తీగచుట్టకు) వెళ్లే కరెంటంతా ఆ స్విచ్ మీదుగానే పోతుంది, పూత తట్టుకోలేదు. రెండో రోజుకే నిప్పురవ్వలు, కాంటాక్ట్ మీద ఆవగింజంత నల్లటి గుంట.

పొరపాటు ఎవరికైనా జరుగుతుంది, దానికి నాకు కోపం లేదు. తర్వాత జరిగింది వినండి.

మొదటిసారి ఫోన్ చేస్తే నలభై నిమిషాలు పాట వినిపించి, ఆర్డర్ నంబర్ చెబుతుండగానే కట్ చేశారు. రెండోసారి ఒకమ్మాయి ఫొటోలు పంపమంది. ఆరు పంపాను. మూడు రోజులాగి అడిగితే అందలేదన్నారు. మళ్లీ పంపాను. ఈసారి ఇంకొకాయన, "మెషీన్‌కి ప్లగ్ పెట్టారా సర్?" అన్నాడు. స్విచ్ కాలిపోయిందని ఫొటో పంపినవాణ్ణి అడగాల్సిన ప్రశ్నేనా అది? చివరికి ఒక అర్ధరాత్రి, "మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?" అని మెయిల్. అది చూశాక నిద్ర పట్టలేదు.

పదకొండేళ్లుగా రబ్బరు రింగుల దగ్గర్నుంచి బల్బుల దాకా మీ దగ్గరే కొంటున్నాను. మొదట్లో మీ కౌంటర్‌లో ఒక పెద్దాయన ఉండేవారు. కాయిల్ వేడెక్కుతోందని ఫోన్‌లో చెబితే, "ఫ్లిప్పర్ పైకి లేచాక ఎండ్ ఆఫ్ స్ట్రోక్ స్విచ్ తెరుచుకుంటోందా, వంగి చూడు" అని, నేను చూసి వచ్చేదాకా లైన్లోనే ఉన్నారు. ఆయన కోసమే నలుగురు స్నేహితుల్ని మీ కస్టమర్లను చేశాను. ఇప్పుడు వాళ్లకు మొహం చూపించలేకపోతున్నాను.

థాంక్స్‌గివింగ్‌కి పిల్లలొస్తున్నారు. సరైన స్విచ్‌లు పంపుతారో, డబ్బు వాపసిస్తారో మీ ఇష్టం. ముందు విషయం తెలిసిన మనిషి ఒకరు నాకు ఫోన్ చేయాలి. శుక్రవారంలోగా ఫోన్ రాకపోతే నా డబ్బు వెనక్కి ఇప్పించమని బ్యాంకులో డిస్ప్యూట్ వేస్తాను. ఇక్కడ పాత మెషీన్లు బాగుచేసుకునే ప్రతి ఒక్కరికీ ఈ ఉత్తరం పంపిస్తాను.

ఇట్లు,
పదకొండేళ్ల మీ కస్టమర్