ఆగస్టు లేఖ: మన పప్పు ఏ దేశానిది?

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల 22న మద్రాస్ డే, అంటే మన చెన్నై పుట్టినరోజు. ఆ వారంలోనే ఎనిమిదో తరగతి పిల్లల్ని సెయింట్ జార్జ్ కోట మ్యూజియానికి తీసుకెళ్తున్నాం. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఈస్ట్ ఇండియా కంపెనీకి కోట కట్టుకోమని ఇచ్చిన నేల అది. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం అయిందంటారు. కంపెనీవాళ్లు ఇక్కడ దిగింది బట్టల కోసం. మన నేతకూ అద్దకానికీ సముద్రం అవతల అప్పటికే మంచి గిరాకీ. ప్రపంచీకరణ 1991 ఆర్థిక సంస్కరణలతోనే మొదలైందని మా పదో తరగతివాళ్లు ఠకీమని రాసేస్తుంటారు. పుస్తకంలో ఉంది కాబట్టి మార్కులు వేస్తాం, ఏం చేస్తాం!

తొమ్మిది, పది తరగతుల ప్రాజెక్టు కూడా ఈ ప్రపంచీకరణ మీదే. ఇంట్లో ఉన్న ఏదో ఒక వస్తువు మన గడపదాకా ఎలా వచ్చిందో కనుక్కోవాలి. స్టేషనరీ షాపు చార్టులు, జిరాక్స్ సెంటర్‌లో తీయించిన రంగుల ప్రింటవుట్లు మాత్రం వద్దు. వాటిని చూడగానే పని చేసింది ఎవరో మా టీచర్లకు తెలిసిపోతుంది.

ఎలా మొదలుపెట్టాలని అడిగినవాళ్లకు మా సోషల్ మేడమ్ కందిపప్పు చూపించారు. ముద్దపప్పు, ఆవకాయ మనవే, అందులో అనుమానం లేదు. కంది మాత్రం మన దేశంలో పండేది మనకు చాలదు. ఎక్కువగా వాన మీద ఆధారపడే పంట, పైగా చేతికి రావడానికి నెలల తరబడి పడుతుంది. ఒక ఏడు వాన మొహం చాటేస్తే ధర కొండెక్కి కూర్చుంటుంది. అందుకే బర్మా నుంచి, టాంజానియా, మలావీ, మొజాంబిక్‌ల నుంచి తెప్పించుకుంటాం. మొజాంబిక్‌తో అయితే 2016లో ప్రభుత్వాల మధ్య ఒప్పందమే జరిగింది. బర్మా కందిని వ్యాపారులు ‘లెమన్ తూర్’ అంటారు. విడిగా అమ్మే పప్పు మీద లేబులేమీ ఉండదు కాబట్టి పిల్లలు షాపతన్నే అడగాలి. సాయంత్రం రద్దీలో కాకుండా మధ్యాహ్నం పంపండి, కాస్త ఓపిగ్గా చెబుతాడు. మినప్పప్పు గురించి కూడా అడగమనండి. మనం దిగుమతి చేసుకునే మినుముల్లో ఎక్కువ భాగం బర్మావే. ఇడ్లీ తింటూ పిజ్జాను విదేశీ తిండి అని తిట్టే తాతగార్లకు ఈ సంగతి నెమ్మదిగా చెప్పాలి.

ఫోన్ ఎంచుకున్న పిల్లలకు ఒక మాట. ఫోన్‌లో మాట ఉపగ్రహం మీంచి వెళ్తుందని దాదాపు క్లాసంతా చెప్పింది. నిజానికి ఖండాల మధ్య నడిచే ఇంటర్నెట్‌లో అత్యధిక భాగం సముద్రం అడుగున వేసిన కేబుళ్లలోనే పోతుంది. వాటిలో కొన్ని మన చెన్నై ఒడ్డునే తేలతాయి. ఇక్కణ్ణుంచి పోర్ట్‌బ్లెయిర్‌కూ మరికొన్ని అండమాన్ నికోబార్ దీవులకూ వేసిన కేబుల్ 2020 ఆగస్టులో మొదలైంది, పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు. 2008 జనవరిలో ఈజిప్టు దగ్గర మధ్యధరా సముద్రంలో కేబుళ్లు తెగితే మన దేశంలో నెట్ నత్తనడక నడిచింది. అప్పట్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న అమ్మానాన్నలు ఆ టెన్షన్ ఎలా ఉండేదో పిల్లలకు చెబితే, అదే సగం ప్రాజెక్టు.

ఇక మీతో మాట్లాడాల్సిన అసలు విషయం, నిద్ర. సోమవారం మొదటి పీరియడ్‌లో పిల్లలు తూగుతున్నారు. ఆరా తీస్తే చాలా ఇళ్లలో ఆదివారం రాత్రే అమెరికా ఫోన్లు. ఇప్పుడు డాలస్‌లో పొద్దున పదకొండైతే మనకు రాత్రి తొమ్మిదిన్నర. బాబాయి, పిన్ని, వాళ్ల పిల్లలు, చివరికి వాళ్ల కుక్కపిల్ల కూడా పలకరించేసరికి పదకొండు దాటుతుంది. మాట్లాడొద్దని నేననను. మనకు ఆదివారం పొద్దున ఎనిమిదంటే వాళ్లకు శనివారం రాత్రి తొమ్మిదిన్నర. అప్పుడు పెట్టుకుంటే ఎవరి నిద్రా చెడదు.

ఐటీ ఆఫీసులుండే ఓ.ఎం.ఆర్. (పాత మహాబలిపురం రోడ్డు)లో అమెరికా షిఫ్టు చేసే తల్లిదండ్రులకూ ఒక మనవి. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతారు. మర్నాటి నుంచి మీ మీటింగులు ఇక్కడి లెక్కన గంట ఆలస్యం. క్యాబ్ వచ్చే వేళ మారుతుంది, ఇంట్లో అన్నాల వేళ మారుతుంది, అమ్మ కోసం మేలుకుని కూర్చునే రెండో తరగతి పిల్ల పడుకునే వేళ కూడా జరిగిపోతుంది. ఎక్కడో ఎవరో గడియారం తిప్పినందుకు ఆ పిల్ల నిద్ర పోగొట్టుకోవడం నాకు బొత్తిగా నచ్చదు. ఆ వారం అమ్మమ్మకో నానమ్మకో చెప్పి వేళకు పడుకోబెట్టించండి.

పేరెంట్స్ మీటింగ్ ఈ నెల ఆఖరి శనివారం. శుక్రవారం రాత్రి షిఫ్టు ముగించుకుని తెల్లారి ఇల్లు చేరేవాళ్లు అడిగారు కాబట్టి, పొద్దున ఎనిమిదిన్నరకు బదులు మధ్యాహ్నం పన్నెండుకు పెట్టాం. ప్రాజెక్టులు ఆ రోజే హాల్లో చూడొచ్చు. పప్పు శాంపిల్ పిడికెడు చాలు, కవర్లో వేసి ఎక్కడ కొన్నారో రాసి పంపండి. గాజు సీసాలు మాత్రం వద్దు, స్కూలు బస్సులో పగులుతాయి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు