ల్యాగ్ అనే ఒక్క మాట చాలదు

సంపాదకులకు నమస్కారాలు.

గత వారం మీ సాంకేతిక విభాగంలో ఆన్‌లైన్ ఆటలు ఆగి ఆగి నడవడం గురించి వచ్చిన వ్యాసం చదివాను. ఆటలో ల్యాగ్ వస్తోందంటే ముందు ఇంటర్నెట్ ప్లాన్ పెంచుకోవాలని, అప్పటికీ బాగుపడకపోతే గ్రాఫిక్స్ కార్డు మార్చుకోవాలని అందులో సలహా ఇచ్చారు. వీటిలో మొదటిది నేను అంతకుముందే డబ్బు కట్టి పాటించి ఉన్నాను, రెండోదానికి బేరం కూడా ఆడి చివరి నిమిషంలో ఆగాను. రెండింటి వల్లా నా ఇబ్బంది తీరేది కాదని తర్వాత తెలిసింది. ల్యాగ్ అని మనం పిలుస్తున్నది ఒక జబ్బు కాదు, కనీసం మూడు వేర్వేరు జబ్బులు. ఏది ఏదో తేల్చుకోకుండా చెప్పే మందు ఎంత ఖరీదైనదైనా పనిచేయదు. ఈ విషయం మీ పాఠకులకు వివరంగా చేరాలన్న ఆశతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను కాళ్ల మండలంలో రొయ్యల చెరువులు చేస్తున్న రైతును, వయసు 54. రాత్రిపూట చెరువు గట్టు మీద షెడ్డులో మెలకువగా ఉండక తప్పని వృత్తి మాది, ఎందుకంటే నీటిలో ఆక్సిజన్ అర్ధరాత్రి దాటాక తగ్గుతూ పోయి తెల్లవారుజామున మరీ అడుగంటుతుంది. నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోయిన సంగతి గంటసేపు చూసుకోకపోతే పంట మొత్తం పైకి తేలుతుంది. మా అబ్బాయి జర్మనీలో ఎమ్మెస్ చదువుతున్నాడు. ఇక్కడ రాత్రి పదిన్నర అయితే వేసవిలో అక్కడ సాయంత్రం ఏడు. నాకు నిద్ర రాకుండా, వాడికి ఇల్లు గుర్తుకు రాకుండా ఉంటుందని రెండేళ్ల కిందట వాడే నాకు సిటీ ఆఫ్ హీరోస్ అనే ఆట నేర్పాడు. ఎవరికి వారు ఒక మహావీరుణ్ని సృష్టించుకుని, నలుగురితో జట్టుకట్టి, పారగన్ సిటీ అనే నగరాన్ని కాపాడే ఆట ఇది.

ఆ ఆట చరిత్ర రెండు మాటల్లో చెప్పాలి, ఎందుకంటే అసలు విషయానికి దానితో సంబంధం ఉంది. క్రిప్టిక్ స్టూడియోస్ తయారుచేయగా ఎన్‌సీసాఫ్ట్ అనే కొరియా సంస్థ 2004 ఏప్రిల్‌లో దీన్ని విడుదల చేసింది, 2012 నవంబరు 30న మూసివేసింది. 2019లో అభిమానులు సొంత సర్వర్ల మీద, అంటే ఆటను నడిపే కేంద్ర కంప్యూటర్ల మీద, మళ్లీ నిలబెట్టారు. వారిలో హోమ్‌కమింగ్ అనే బృందానికి 2024 జనవరిలో ఆ సంస్థే అధికారికంగా అనుమతి ఇచ్చింది. అంటే నేడు ఈ ఆటను నడుపుతున్నది జీతాలు తీసుకునే కాల్ సెంటర్ కాదు, ఖాళీ సమయంలో పనిచేసే స్వచ్ఛంద సేవకులు. వారికి ‘ల్యాగ్ వస్తోంది’ అని రాస్తే, ఏ ల్యాగ్ అని తిరిగి అడుగుతారు. అడగడం న్యాయమే. రొయ్య మేత తినడం లేదు, చెక్ ట్రేలో మేత మిగిలిపోతోంది అని ఎవరైనా నాకు ఫోన్ చేస్తే నేనూ వెంటనే మందు పేరు చెప్పను. ఆక్సిజన్ తగ్గిందా, కుబుసం విడిచే రోజులా, తెల్లమచ్చ తెగులు వచ్చిందా అని ముందు అడుగుతాను.

మొదటి జబ్బు మన కంప్యూటర్‌లోనే ఉంటుంది. బొమ్మ కుదుపులతో కదులుతుంది, కానీ అవతలివారికి మన వీరుడు మామూలుగానే కనిపిస్తుంటాడు. ఈ ఆటలో మాటలు టైపు చేసే గడిలో స్లాష్ షోఎఫ్‌పీఎస్ 1 (/showfps 1) అని కొడితే తెర సెకనుకు ఎన్నిసార్లు మారుతోందో అంకె కనిపిస్తుంది. నేను ఒంటరిగా వీధిలో నిలబడితే 60 చూపించేది, ఎనిమిది మంది జట్టుతో పోరులోకి దిగగానే 12కు పడిపోయేది. మా దగ్గరి పట్టణంలోని ఒక కంప్యూటర్ దుకాణంలో ల్యాప్‌టాప్ చూపిస్తే, ఐదు నిమిషాలు కూడా చూడకుండా, ఇది పాతబడింది, మంచి గ్రాఫిక్స్ ఉన్న కొత్తది తీసుకోండి అన్నారు. నిజానికి ఆ ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ చిప్‌లు రెండు ఉన్నాయి: కరెంటు ఆదా చేసేది ఒకటి, బలమైనది ఒకటి. పాత ఆట కావడంతో విండోస్ దాన్ని తేలికపాటి పనిగా లెక్కగట్టి బలహీనమైన చిప్‌కు అప్పగించింది. విండోస్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే, అందులో గ్రాఫిక్స్ అనే చోట ఈ ఆటకు హై పెర్ఫార్మెన్స్ అని ఎంచి, ఆటలో మెరుపులు, నిప్పురవ్వలు లెక్కకు మించి గీయకుండా పార్టికల్ కౌంట్ తగ్గిస్తే, అదే పోరులో 45 దగ్గర నిలిచింది. దీనికి ఒక్క రూపాయి కూడా ఖర్చు కాలేదు.

రెండో జబ్బు దారిలో ఉంటుంది. ఇక్కడే మీ వ్యాసం మా డెల్టా వారిని ఎక్కువగా తప్పుదారి పట్టించిందని నా అభిప్రాయం. ప్లాన్ పెంచడమంటే సెకనుకు ఎంత సమాచారం పారుతుందో ఆ పరిమాణం పెరగడమే కానీ, ఒక్కొక్క మాట వెళ్లి రావడానికి పట్టే సమయం తగ్గడం కాదు. కాలువ శివారు రైతుకు ఈ తేడా ఎవరూ చెప్పనవసరం లేదు. నా చేలోకి వచ్చే బోదెను నేను ఎంత వెడల్పు చేసుకున్నా, గోదావరి నుంచి మా కాలువలు మొదలయ్యే విజ్జేశ్వరం నాకు దగ్గరకు జరగదు. అక్కడ గేట్లు ఎత్తిన నీరు ఇక్కడికి నడిచి రావలసిన దూరం నడిచే వస్తుంది. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. మేం ఇప్పుడు ఆడే సర్వర్ యూరప్‌లో ఉంది. భీమవరం నుంచి జర్మనీ తిన్నగా చూసినా 7,000 కిలోమీటర్లకు తక్కువ లేదు. పోను రాను 14,000 అనుకుంటే, ఏ అడ్డూ లేకపోయినా 70 మిల్లీసెకన్లు పడుతుంది. పైగా ఆ తీగ తిన్నగా పోదు. ముంబయి వంటి రేవు నుంచి అరేబియా సముద్రంలో దిగి, ఎర్రసముద్రం, ఈజిప్టు, మధ్యధరా మీదుగా చుట్టు తిరిగి పోతుంది. నాకు 160 మిల్లీసెకన్లు పడుతోంది. ఇంటి ప్లాన్ రెట్టింపు చేసిన నెలలోనూ 160 వచ్చింది. అమెరికా సర్వర్లు మానేసి ఇదే ఆటకు యూరప్‌లో ఉన్న రీయూనియన్ అనే సర్వర్‌లో చేరడం వల్ల తగ్గినంత, ప్లాన్ వల్ల తగ్గలేదు.

కానీ నన్ను ఎక్కువగా బాధపెట్టింది జాప్యం కాదు, తెగిపోవడం. మంచి పోరు మధ్యలో వీరులంతా ఉన్నచోటే నిలబడిపోయేవారు, కాసేపటికి మ్యాప్‌సర్వర్‌తో, అంటే ఆట నడిపే కంప్యూటర్‌తో, సంబంధం తెగిందని తెర మీద వచ్చేది. ఇంటర్నెట్ ఇచ్చేవారిని రెండుసార్లు పిలిచాను. వారు వచ్చినప్పుడు అన్నీ బాగానే ఉండేవి. విసిగిపోయి, ఒక రాత్రి చెరువు రిజిస్టరులోనే కుడివైపు అంచున ఒక గీత గీసి, సంబంధం తెగిన ప్రతిసారీ టైము రాయడం మొదలుపెట్టాను. ఆ రిజిస్టరులో ఎడమవైపు మేత ఎన్ని కిలోలు వేసిందీ, ఆక్సిజన్ ఎంత ఉన్నదీ, ఏ ఏరియేటరు ఎప్పుడు వేసిందీ ఎప్పటినుంచో రాసుకుంటున్నవే. నాలుగో రాత్రి ఆ పేజీ చూస్తూ ఉంటే విషయం కళ్లకు కట్టింది. 10.40కి రెండో చెరువు ఏరియేటర్లు వేశాను, 10.41కి ఆట తెగింది. 12.15కి మూడో చెరువు, 12.16కి మళ్లీ తెగింది. మోటారు తిరగడం మొదలైన క్షణంలో, నడిచేటప్పటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. అదే లైను మీద ఉన్న షెడ్డులో వోల్టేజి ఒక్కసారి కుంగుతుంది. బల్బు కొంచెం మసకబారి తేరుకుంటుంది. ఆ మాత్రం కుంగుబాటుకే ఫైబర్ పెట్టె ఆరి, మళ్లీ మొదటినుంచి వెలిగి, సంబంధం కుదుర్చుకోవడానికి రెండు నిమిషాలు పట్టేది. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది కాబట్టి దానికేమీ కాదు, అందుకే నాకు అనుమానం రాలేదు. రూటరుకు 12 వోల్టుల చిన్న యూపీఎస్ పెట్టాను. ఆ రోజు నుంచి ఆ గీతకు కుడివైపు ఖాళీగానే ఉంటోంది.

మా ప్రాంతంలో చెరువుల మధ్య ఇళ్లున్నవారు, ఐస్ ఫ్యాక్టరీల పక్కన, రైస్ మిల్లుల పక్కన ఉన్నవారు ఎందరో ఇదే బాధ పడుతూ, ఇంటర్నెట్ వారినే తిట్టుకుంటూ ఉంటారని నా నమ్మకం. ఆటలే కాదు, పిల్లల ఆన్‌లైన్ పరీక్షలూ ఇలాగే తెగుతాయి.

మూడోది అసలు జబ్బే కాదు, ఆట నియమం. దీన్ని గురించి మీ వ్యాసంలో ఒక్క మాట కూడా లేదు. నేను ఆటలో డిఫెండర్‌ను, అంటే జట్టులో గాయపడినవారిని కాచుకునేవాణ్ని. ‘నాన్నా, హీల్ లేటుగా పడుతోంది, నెట్ చూసుకో’ అని మా వాడు తరచూ అనేవాడు. నెట్ బాగుపడ్డాక కూడా అన్నాడు. అప్పుడు కూర్చుని చూస్తే తేలిందేమిటంటే, ఎదుటివారిని స్వస్థపరిచే ఆ విద్య చేతులు చాచి ముగించేసరికి రెండు సెకన్లకు పైనే పడుతుంది, అది పూర్తయ్యేదాకా ఇంకో విద్య వాడడానికి వీలులేదు. దానికితోడు ఆట సర్వర్ కాలాన్ని మనలా నిరంతరంగా కాక, 0.132 సెకన్ల తునకలుగా కొలుస్తుందని, ప్రతి విద్య సమయం పైతునకకు సర్దుబాటవుతుందని అనుభవజ్ఞులైన ఆటగాళ్లు ఎప్పుడో లెక్కగట్టారు. ప్రపంచంలో ఏ నెట్ పెట్టుకున్నా ఈ ఆలస్యం పోదు. దెబ్బ తగిలాక హీల్ చేయడం కాదు, తగలబోయే ముందే మొదలుపెట్టాలి.

ఇంతకంటే ముఖ్యమైనది రక్షణ లెక్క. సమాన స్థాయి శత్రువు మనల్ని కొట్టే అవకాశం మొదట 50 శాతం. మన రక్షణ ఎంత ఉంటే అంత అందులోంచి తీసేస్తారు, కానీ 5 శాతానికి కిందకు దిగనివ్వరు. అందుకే 45 దగ్గర దాదాపు హద్దు. ఏమీ లేనివాడికి 5 రక్షణ కలిపితే దెబ్బలు 50 నుంచి 45కు తగ్గుతాయి, అంటే పదో వంతు తగ్గాయి. ఇప్పటికే 40 ఉన్నవాడికి అదే 5 కలిపితే 10 నుంచి 5కు, అంటే సగానికి సగం తగ్గుతాయి. మా వాడికి 40 ఉంది. నేను రక్షణ పెంచే ఫార్టిట్యూడ్ అనే విద్యను వాడిమీద గడువు తీరకముందే మళ్లీ వేస్తే వాడికి తగిలే దెబ్బలు సగమయ్యేవి, గడువు తీరనిస్తే రెట్టింపయ్యేవి. ఆ రెట్టింపునే ఇద్దరం ఇన్నాళ్లూ నెట్ మీదకు నెట్టాం. ఈ లెక్క అర్థమైన రాత్రి నాకు నిజంగా ఆనందం కలిగింది. అంకెలు ఇంత చిన్నవే అయినా, చివరి ఐదుకు మొదటి ఐదుకంటే ఇంత విలువ ఉండడం నేను ఎక్కడా చదవలేదు.

నా దెబ్బలు గురి తప్పడం కూడా ఇలాంటిదే. జట్టు నాయకుడు 50వ స్థాయిలో ఉంటే కిందివారిని ఆట తానే 49కి ఎత్తుతుంది; ఈ సదుపాయం వల్లనే 12వ స్థాయిలో ఉన్న నేను కొడుకు పక్కన నిలబడగలిగాను. అంకెలు పెరుగుతాయి కానీ, నేర్చుకోని విద్యలు రావు. తనకంటే పై స్థాయి శత్రువును కొట్టే అవకాశం స్థాయికి తగ్గట్టు పడిపోతుంది. ఎంత గొప్పవాడికైనా 95 శాతమే గరిష్ఠం. సందేహం ఉంటే హిట్ రోల్స్ అనే కిటికీ తెరిస్తే, అవకాశం ఎంత, పాచికల్లా పడిన అంకె ఎంత అన్నది ప్రతి దెబ్బకూ రాసి చూపిస్తుంది. అక్కడ వరుస రాసి ఉంటే దెబ్బ సర్వర్‌కు చేరిందన్నమాట, తప్పింది నియమం ప్రకారమే. అక్కడ వరుసే లేకపోతే దారిలో పోయింది. నెట్ తప్పా, ఆట తప్పా అన్న తగువు ఈ ఒక్క కిటికీతో తీరిపోతుంది.

మాకు తెలిసిన డిగ్రీ విద్యార్థి ఒకడు ఇలాగే దెబ్బలు తప్పుతున్నాయని నెలకు మరో నాలుగు వందలు కట్టి పెద్ద ప్లాన్ తీసుకున్నాడు. వాడి తండ్రి కౌలు రైతు. వాడి తెర నేను స్వయంగా చూశాను. శత్రువులు వాడికంటే నాలుగు స్థాయిలు పైన ఉన్నారు, అంతకంటే వేరే కారణం లేదు.

కనుక మీకు నా విన్నపం ఇది. తెర కుదుపు, దారి జాప్యం, సంబంధం తెగడం, ఆట నియమం అని వేర్వేరు పేర్లతో, ఏది ఎలా గుర్తుపట్టాలో మీ సాంకేతిక పేజీలో తెలుగులో ఒక వ్యాసం ప్రచురించండి. ఏ వస్తువూ కొనమని చెప్పే ముందు, వారం రోజులు టైము రాసి చూడమని అందులో తప్పకుండా రాయండి. మీ విలేకరి ఎవరైనా వస్తానంటే, నా రిజిస్టరులోని ఆ పేజీలు చూపిస్తాను. రాత్రి పదిన్నర తర్వాత ఎప్పుడైనా షెడ్డులోనే ఉంటాను.

ఇట్లు,
ఒక రొయ్యల రైతు,
కాళ్ల మండలం, పశ్చిమ గోదావరి జిల్లా