బోట్ల వైరింగు పనికి వసూలైన డబ్బు, పెట్టిన ఖర్చు

వేట నిషేధం 61 రోజుల్లో, అంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 లోపు, మన రేవులోని 22 ఫైబర్ బోట్లకూ వైరింగు పూర్తిగా మార్చాం. బోటుకు 9,000 రూపాయల చొప్పున వేసుకున్న చందాతో చేసిన పని ఇది. ప్రతి రూపాయీ ఎటు పోయిందో అందరికీ తెలియాలి.

ముందు జమ. 19 బోట్ల వాళ్లు పూర్తిగా కట్టారు, 1,71,000. ఇద్దరు సగం సగం కట్టారు, 9,000. ఒకరు ఇంకా కట్టలేదు. ఇంజను రిపేరు మీద పడి ఆయన ఎంత నలిగిపోయారో మనం చూశాం, అందుకే ఆయన బోటు పని ఆపలేదు. పేరు చెప్పొద్దన్న ఊరి మనిషి ఒకరు 10,000 ఇచ్చారు. పీకిన పాత వైరును తూకానికి అమ్మితే 11,400 వచ్చింది. ఇంకో 4,000 సంగతి కింద చెబుతాం. మొత్తం జమ 2,05,400 రూపాయలు.

ఖర్చులో పెద్ద భాగం వైరుదే. 2.5 స్క్వేర్ ఎంఎం (లోపలి రాగి లావు కొలత ఇది) వైరు 1,000 మీటర్లు, మీటరు 72 చొప్పున 72,000. బోటు అడుగున చేరే నీళ్లు తోడే మోటార్లకు 4 స్క్వేర్ ఎంఎం 400 మీటర్లు, మీటరు 112 చొప్పున 44,800. బ్యాటరీ కేబుల్ 90 మీటర్లు, మీటరు 390 చొప్పున 35,100. ఈ మూడూ కలిపి 1,51,900.

"ఊళ్లో ఇంటి వైరు 30 రూపాయలకే వస్తుంటే 72 ఎందుకు పెట్టారు?" అని చాలామంది అడిగారు. అడగాల్సిన మాటే. పోయిన ఏడాది మన బోటు ఒకటి రాత్రిపూట సముద్రం మీద ఉండగా అడుగున నీళ్లు చేరాయి. మోటారు స్విచ్చి వేస్తే తిరగలేదు. తెల్లారేదాకా నలుగురూ బకెట్లతో తోడి ఒడ్డుకు వచ్చారు. తర్వాత విప్పి చూస్తే మోటారు బాగానే ఉంది. వైరు పైకి కొత్తదానిలా ఉంది. తొడుగు గీకితే లోపల రాగి నల్లబడి, పచ్చటి చిలుము పొడిలా రాలింది. చివర దగ్గర దూరిన ఉప్పు తేమ తొడుగు కింద పోగుల వెంట పాకుతూ లోపలికి పోయింది. పైనుంచి చూస్తే ఎవరికీ తెలియదు.

మనం కొన్న వైరులో ఒక్కో రాగి పోగుకూ తగరం పూత ఉంటుంది. చిలుము పట్టకుండా ఇత్తడి గిన్నెలకు కళాయి వేయించినట్టే. పోగులు సన్నగా, ఎక్కువగా ఉంటాయి కాబట్టి ఇంజను అదురుకు తొందరగా తెగవు. లావు సంగతీ అంతే ముఖ్యం. మోటారు బ్యాటరీకి 8 మీటర్ల దూరంలో ఉంటే కరెంటు పోను రాను 16 మీటర్లు తిరగాలి. 5 ఆంపియర్ల మోటారుకు 1.5 స్క్వేర్ ఎంఎం వైరు వేస్తే దారిలోనే దాదాపు 0.9 వోల్టు పోతుంది. 4 స్క్వేర్ ఎంఎం వేస్తే పోయేది 0.35 వోల్టు మాత్రమే. 12 వోల్టుల బ్యాటరీ మీద ఇది చిన్న తేడా కాదు.

ఇప్పుడు మేం చేసిన తప్పు. మొదట్లో ఒక షాపులో "మెరైన్ వైరు", అంటే సముద్రపు బోట్లకు వాడేది, అని చెబితే నమ్మి, గీకి చూడకుండా 200 మీటర్లు 6,400కు తెచ్చేశాం. రేవుకొచ్చాక కోస్తే లోపల మామూలు ఎర్ర రాగే. వాపసు తీసుకోలేదు. ఇళ్ల వైరింగు చేసే ఆయనకు 4,000కు ఇచ్చేశాం, పైన చెప్పిన 4,000 అదే. నష్టం 2,400. దీనికి కమిటీదే బాధ్యత. తర్వాత విశాఖ నుంచి తెచ్చిన ప్రతి చుట్టనూ కొనే ముందే కోసి, తెల్లటి పూత చూశాం.

ఫ్యూజులు, వాటి డబ్బాలు బోటుకు 650 చొప్పున 14,300. ప్రతి బోటుకూ బ్యాటరీకి జానెడు లోపే మెయిన్ ఫ్యూజు ఉంది. దాన్ని తీసి డైరెక్టుగా కలపొద్దని దండం పెట్టి చెబుతున్నాం, వైరు కాలితే ఫైబర్ అంటుకుంటుంది. లగ్గులు (వైరు చివర నొక్కి బిగించే లోహపు ముక్కలు), వాటి మీద వేడి చేస్తే బిగుసుకునే, లోపల జిగురున్న హీట్ స్లీవులు 11,850. లగ్గులు నొక్కే పనిముట్టు 4,800, అది ఇక కమిటీ ఆస్తి. సోల్డరింగు, అంటే లోహం కరిగించి తీగను అతకడం, వద్దనుకున్నాం, ఎందుకంటే సోల్డరు పెట్టిన చోట తీగ బిరుసెక్కి అదురుకు అక్కడే విరుగుతుంది. కూలి బోటుకు 1,200 చొప్పున 26,400. రవాణా 2,150. తప్పుగా కొన్న వైరు 6,400 కూడా కలిపితే మొత్తం ఖర్చు 2,17,800.

జమ కంటే ఖర్చు 12,400 ఎక్కువైంది. ప్రస్తుతానికి కోశాధికారి తన చేతి డబ్బు పెట్టారు, వడ్డీ లేదు. రావాల్సిన బాకీలు 18,000. అవి దసరా లోపు వస్తే ఆయన డబ్బు తీర్చేసి, మిగిలే 5,600తో ఫ్యూజులు, లగ్గులు కొని ఉంచుతాం. మిగిలిన వైరు 2.5ది 40 మీటర్లు, 4ది 48 మీటర్లు వలల షెడ్డులో ఉంది.

బిల్లులన్నీ కోశాధికారి ఇంట్లో ఫైలులో ఉన్నాయి. ఎవరైనా వెళ్లి చూడొచ్చు. ఆ రాత్రి పనిచేయని వైరు ముక్కను కూడా ఫైలుతోపాటే ఉంచాం.