దూసి పేరు చెప్పనివాడు

విజయనగరం,
ఆదివారం, మధ్యాహ్నం రెండు గంటలు

ఒరేయ్ పైడిరాజూ,

నీ ఉత్తరం వచ్చి నెల దాటిపోయింది. జవాబు రాయలేదని కోపం వచ్చే ఉంటుంది, తిట్టుకో, పడతాను. ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తాను. అమ్మకి మోకాళ్ళ నొప్పులు అలాగే ఉన్నాయి. పాప డిగ్రీ రెండో సంవత్సరం. షాపు మామూలే. పైడితల్లమ్మ పండక్కి నువ్వు రాలేదని మీ చెల్లెలు అలిగింది. అంతే.

బటువాగాడు దొరికాడురా!

అవును, మన సూరిగాడే. శ్రావణంలో దొరికాడు. ఇన్నాళ్ళూ నీకు ఎందుకు చెప్పలేదంటే, వాడు నిలబడతాడో లేదో తెలియక. ఫోన్లో చెబుదామని మూడుసార్లు నంబరు నొక్కి ఆపేశాను. ఒక్క ముక్కలో చెప్పేది కాదు. పైగా చివర్లో నిన్ను ఒకటి అడగాలి. ఫోన్లో అడిగితే మొహమాటానికి వెంటనే సరే అనేస్తావు. నువ్వు ఆలోచించుకోవాలి, అందుకే ఉత్తరం.

ఆ సాయంత్రం వదినని పలాస పాసింజర్ ఎక్కించడానికి స్టేషన్‌కి వెళ్ళాను. బండి లేటు. ప్లాట్‌ఫారం చివర కుళాయిలు దాటాక ఒక మనిషి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. జుట్టు జడలు కట్టేసింది. కుడి పాదానికి పాల ప్యాకెట్ కవరు చుట్టి పురికొసతో కట్టుకున్నాడు, లోపల పుండు. పక్కన గోనెసంచి. దాని మూతి పిడికిట్లోంచి వదలడం లేదు. అలాంటివాళ్ళు మన స్టేషన్లో ఎప్పుడూ ఇద్దరో ముగ్గురో ఉంటారు కదా. రాయగడ లైనూ హౌరా లైనూ ఇక్కడే కలుస్తాయి, ఎక్కడో బండెక్కినవాళ్ళు ఇక్కడ దిగిపోతారు. ఏ ఊరో, ఏ భాషో. మనం చూపు తిప్పుకుని వెళ్ళిపోతాం. నేనూ వెళ్ళిపోయేవాణ్ణే. కానీ ఆ మనిషి ఏదో గొణుగుతున్నాడు.

“నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి, బటువా, సిగడాం, పొందూరు, ఆమదాలవలస.” మళ్ళీ మొదటినుంచి. నెల్లిమర్ల, గరివిడి...

నాకు ఒళ్ళు ఝల్లుమంది. స్టేషన్ల పేర్లు ఎవరైనా చెబుతారు. పొందూరు తర్వాత దూసి వదిలేసి సరాసరి ఆమదాలవలసకి దూకేవాడు ఈ భూమ్మీద ఒక్కడే. ఏడో క్లాసు వేసవిలో వాళ్ళ మేనత్త ఇంట్లో కొబ్బరి ఉండల గొడవ జరిగి, వాడు దెబ్బలు తిని, ఆ ఊరి పేరు ఇంక నోటంట పలకనని ఒట్టు పెట్టుకున్నాడు కదా. ఆ ఉండలు తిన్నది ఎవరో నీకూ తెలుసు, నాకూ తెలుసు.

దగ్గరికి వెళ్ళి గొంతుక్కూర్చుని, “పొందూరు తర్వాత ఏటిరా?” అన్నాను.

గొణుగుడు ఆగిపోయింది. నా మొహం వంక చూడలేదు. నా చెప్పుల వంక చాలాసేపు చూసి, “ఆ ఊరు నాను చెప్పను” అన్నాడు.

రాస్తుంటే ఇప్పుడు కూడా చెయ్యి ఒణుకుతోంది. మూడేళ్ళుగా అక్కడే ఉంటున్నాడట, టీ కొట్టువాడు చెప్పాడు. మూడేళ్ళలో నేను ఆ ప్లాట్‌ఫారం మీద ఎన్నిసార్లు నడిచానో లెక్కలేదు.

టీ తెస్తే ముట్టుకోలేదు. నేను ఒక గుక్క తాగి ఇస్తే అప్పుడు తాగాడు. ఎవరో ఏదో కలుపుతారని భయం. ఆ రాత్రి ఏం చెయ్యాలో తోచక 14416కి ఫోన్ చేశాను. మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం టెలీ మానస్ అని 2022లో పెట్టింది, రాత్రయినా పగలైనా పలుకుతారు. ఒకమ్మాయి తెలుగులోనే ఓపిగ్గా చెప్పింది. ఎవరూ లేకుండానే వాడికి వినిపించే మాటల గురించి వాదించొద్దండీ, అలాగని అవునని తలూపనూ వద్దు, తిన్నాడా, పడుకున్నాడా, కాలు నొప్పెడుతోందా, అవి అడగండి అంది. అంత చిన్న మాట నాకెందుకు తట్టలేదో.

మర్నాడు ఒక పోలీస్ స్టేషన్‌కి వెళితే, ఎవరినైనా కొట్టాడా, కొట్టకపోతే మాకేం పని అన్నారు. కడుపు మండిపోయింది. మా బావమరిది కోర్టులో పని చేస్తాడు కదా, వాడు ఒక కాగితం మీద రాసిచ్చాడు. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం, సెక్షన్ 100. ఇలా తిరిగే మనిషి తన సంగతి తను చూసుకోలేని స్థితిలో ఉంటే పోలీసులే రక్షణలోకి తీసుకోవాలి, లాకప్‌లో పెట్టకూడదు, 24 గంటలు దాటకుండా ప్రభుత్వాసుపత్రిలో చూపించాలి. ఇల్లూ వాకిలీ లేనివాళ్ళయితే తప్పిపోయిన మనిషిగా కేసు రాసుకుని ఇంటివాళ్ళని వెతకాలి. ఆ కాగితం పట్టుకుని మళ్ళీ వెళ్ళాను. ఈసారి ఉన్న ఎస్సై కుర్రాడు రెండుసార్లు చదివి, లేచి జీపు పంపించాడు. చల్లగా ఉండాలి.

ఇక్కడ డాక్టర్లు చూసి వైజాగ్‌లో చినవాల్తేరు మానసిక ఆసుపత్రికి రాసిచ్చారు. లెక్కల మాస్టారు “మిమ్మల్ని ముగ్గుర్నీ వాల్తేరు పంపించాలిరా” అనేవారు గుర్తుందా? మనం ఎంత నవ్వేవాళ్ళం! ఆ గేటు ముందు వాడి చెయ్యి పట్టుకుని దిగినప్పుడు అదే గుర్తొచ్చి గొంతు పట్టేసింది.

స్కిజోఫ్రెనియా అన్నారు, లేని మాటలు వినిపించి లేనిపోని భయాలు పుట్టించే జబ్బు. దిక్కులేనివాళ్ళకి వైద్యం ఉచితం, అది కూడా ఆ చట్టంలోనే ఉంది, కాబట్టి డబ్బు టెన్షన్ లేదు. మూడో వారానికి నన్ను పేరు పెట్టి పిలిచాడు. ఐదో వారానికి నీ గురించి అడిగాడు. “భిలాయోడు ఎలగున్నాడు?” అని.

ఇప్పుడు నీకు చెప్పాల్సింది ఇదిగో. వాడికి జబ్బు వచ్చింది కాబట్టి రోడ్డున పడ్డాడని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అది సగమేరా. వాళ్ళ నాన్న పోయాక రైల్వే క్వార్టర్ ఖాళీ చేశారు కదా. వాడు చెన్నైలో బిల్డింగు పనికి వెళ్ళాడు. రాత్రి షిఫ్టులు, పగలు రేకుల షెడ్డులో పదిమంది మధ్య నిద్ర. అక్కడే మాటలు వినిపించడం మొదలైంది. తిరిగొచ్చాక రాత్రంతా తలుపు దగ్గర కాపలా కూర్చునేవాడట, భార్య కత్తిపీట దాచిపెట్టుకుని పడుకునేదట. ఆవిడ పిల్లని తీసుకుని బొబ్బిలి వెళ్ళిపోయింది. నేను ఆవిణ్ణి తప్పుపట్టలేను. నువ్వూ పట్టకు.

కానీ అప్పుడే వాడు మందులు వాడాడు! ఒక ఆసుపత్రిలో చూపించుకున్నాడు, తగ్గింది కూడా. మరి మానేశావేంరా అని కోప్పడ్డాను. ఏమన్నాడో తెలుసా? “ఆ మాత్ర ఏసుకుంటే మొద్దునిద్దర పట్టేస్తాది. ప్లాట్‌ఫారం మీద మొద్దునిద్దరోతే సంచీ పోతాది. ఓ రేత్రి పోయింది. మాత్రలూ, ఆస్పత్రి చీటీ, ఆధార్ కార్డూ అందులోనే ఉన్నాయి.” చీటీ లేకపోతే మళ్ళీ మందులివ్వలేదు. ఆధార్ లేకపోతే గది ఇవ్వలేదు, పని ఇవ్వలేదు. రాత్రిళ్ళు పడుకునే షెల్టర్ ఒకచోట ఉంటే, మెంటల్ కేసులు వద్దన్నారట. మందు మానేసి, మేలుకుని, సంచీ పట్టుకుని కూర్చున్నాడు. వారాల తరబడి నిద్ర లేకపోతే మంచి బుర్రే తిరిగిపోతుంది, జబ్బున్న బుర్ర ఏమవుతుంది చెప్పు. ఆ గోనెసంచి మూతి వదలకపోవడం పిచ్చి అనుకున్నాను నేను.

ఇప్పుడు బాగున్నాడు, నెలకోసారి వేసే ఇంజెక్షను మొదలుపెట్టారు. రోజూ మాత్ర గుర్తుపెట్టుకోనక్కర్లేదు. గురువారం పంపించేస్తాం అన్నారు. ఎక్కడికి?

వాళ్ళ అన్నయ్య దగ్గరికి వెళ్ళాను. కాఫీ ఇచ్చాడు, ఏడ్చాడు, కానీ అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం, ఇప్పుడు వీడు ఇంట్లో కనిపిస్తే ఎవరూ గడప తొక్కరు అన్నాడు. అబద్ధం కాదు, మన ఊళ్ళ సంగతి నీకు తెలుసు. ఇంటివాళ్ళు వద్దన్నారనో ఇల్లు లేదనో మనిషిని ఆసుపత్రిలోనే ఉంచేయకూడదని చట్టం, సెక్షన్ 19. ఊళ్ళోనే అందరిమధ్యా బతికే హక్కుంది, అందుకు తగ్గ చోటు ప్రభుత్వం చూపించాలి. నేను అర్జీ పెట్టాను. కానీ గురువారం నాలుగు రోజుల్లో ఉంది.

డాక్టరమ్మ ఒక మాట చెప్పారు. చెన్నైలో బాన్యన్ అని 1993 నుంచి ఇలాంటి ఆడవాళ్ళ కోసం పని చేస్తున్న సంస్థ ఉంది. వాళ్ళు మామూలు వీధుల్లో మామూలు ఇళ్ళు అద్దెకి తీసుకుని, నలుగురైదుగురిని కలిపి ఉంచుతారట, వండుకుంటారు, బజారుకెళతారు. లోపల గడియ పెట్టుకునే తలుపు ఉంటే చాలామంది నిలబడతారండీ అన్నారావిడ.

అందుకే అడుగుతున్నాను. మీ నాన్నగారి ఇల్లు తాళం వేసి ఉంది కదా. ముందిల్లు వద్దు. పెరట్లో గది, మనం పరీక్షలకి చదువుకున్నది, దానికి విడిగా దారుంది, గడియుంది. అన్నం మా ఇంటినుంచి వెళుతుంది, మీ చెల్లెలు ఒప్పుకుంది. ఇంజెక్షనుకి నేనే తీసుకెళతాను. అద్దె నేను ఇస్తాను, ఊరికే వద్దు. మళ్ళీ జబ్బు తిరగబెట్టదని మాట ఇవ్వలేను, డాక్టరమ్మ కూడా ఇవ్వలేదు. పక్కింటివాళ్ళు ఏమైనా అంటే మాట్లాడతాను. నీకు ఇష్టం లేకపోతే లేదని రాయి, మన మధ్య ఏమీ మారదు.

అన్నట్టు కొబ్బరి ఉండల సంగతి వాడికి చెప్పేశాను. నీ పేరు కూడా చెప్పాను. “నాకప్పుడే తెల్సురా, ఇద్దరి మూతులకీ బెల్లం పాకం ఉంది” అన్నాడు. మరి దెబ్బలెందుకు తిన్నావురా అంటే తల తిప్పేసుకుని...

మీ చెల్లెలు పిలుస్తోంది, వైజాగ్ బస్సుకి టైమైపోయింది, వాడికి లుంగీలు పట్టుకెళ్ళాలి. ఈ ఉత్తరం రేపు పొద్దున్నే స్పీడ్ పోస్ట్ చేస్తాను. బుధవారానికి అందుతుంది, అందగానే ఫోన్ చెయ్యి. గది తాళం చెవి మీ అక్కయ్య దగ్గరే ఉందా, లేకపోతే

నీ
సత్తిబాబు