ఆ మాట మన ఇంటిదే

చిన్నా,

నువ్వు బరంపురం వెళ్ళి పది రోజులైంది. రోజూ ఫోన్‌లో మాట్లాడుతున్నా ఈ సంగతి ఎత్తలేకపోయాను. పక్కన హాస్టల్ కుర్రాళ్ళుంటారు, నువ్వు "సరే నాన్నా, సరే" అని పెట్టేస్తావు. అందుకే కాగితం తీశాను. ఒడియా మీడియంలో చదివినవాడివి, తెలుగు కూడబలుక్కుని చదువుతావని తెలుసు. మెల్లగానే చదువు.

దసరా సెలవుల్లో ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని, మీ క్లాసులో ఫిజిక్స్‌లో ఫస్టొచ్చిన గుణుపురం అమ్మాయి గురించి నీ స్నేహితులిద్దరికి చెప్తున్నావు. నేను లోపల మన పిండిమర దగ్గర బెల్టు బిగిస్తున్నాను. "ఆ ముండకి మార్కులెలా వస్తాయో నాకు తెలీదేటి" అన్నావు. ముగ్గురూ నవ్వారు. బయటికొచ్చి నాలుగు తిడదామని లేచాను. గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాను. నువ్వు ఆ మాటన్న తీరు అచ్చం నాదే.

వోల్టేజీ పడిపోయి మోటారు మూలిగితే నేను "ముండ మోటారు" అంటాను. బెల్టు జారితే అదీ ముండే, బండి స్టార్టవ్వకపోతే అదీ ముండే. మొరాయించిందల్లా నా నోట్లో ఆడదైపోతుంది. చోళ్ళు, బియ్యం డబ్బాలు పట్టుకుని నిల్చున్న ఆడవాళ్ళ ముందే అంటాను. నీకు నాలుగేళ్ళప్పుడు మూడు చక్రాల సైకిల్‌ని కాలితో తన్ని నువ్వూ ఆ మాటే అన్నావు. ఇంటిల్లిపాదీ నవ్వాం, మీ అమ్మ తప్ప. ఆ రోజు నేను నవ్వకుండా ఉండాల్సింది.

ఆ మాటకి అర్థం నీకెవరూ చెప్పి ఉండరు. సంస్కృతంలో ముండమంటే గొరిగిన తల. కొన్ని కులాల్లో మొగుడు పోయిన ఆడపిల్లకి, కాపురమంటే ఏమిటో తెలియని పసిపిల్లైనా సరే, తల గొరిగించేవారు. ఆ గొరిగిన తలే మన తెలుగులో తిట్టయి కూర్చుంది. వితంతువు మళ్ళీ పెళ్ళాడొచ్చని 1856లోనే చట్టం వచ్చినా, కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో అలాంటి మొదటి పెళ్ళి చేయించేసరికి 1881 డిసెంబరు అయింది. చేయించినందుకు ఆయన్ని వెలేశారు.

ఇంకో మాట చెప్తాను. నిన్ను ముద్దొచ్చినప్పుడూ కోపమొచ్చినప్పుడూ "వెధవా" అంటాను కదా, అది విధవే. మగపిల్లాణ్ణి తిట్టడానికీ మొగుడు పోయిన ఆడదే కావలసి వచ్చింది మనకి. నువ్వు బడిలో నేర్చిన ఒడియాలో 'రాండ' కూడా అంతే. పెళ్ళాం పోయిన మగాడి మీద ఏ భాషలోనైనా తిట్టుందేమో వెతుకు. నాకైతే ఒక్కటీ దొరకలేదు.

మన ఇంట్లో విధవ ఎవరు చిన్నా? మీ నాన్నమ్మ. తాతయ్య పోయేనాటికి ఆవిడకి ఇరవై తొమ్మిది, నాకు ఆరు. మెడలోంచి తీసేసిన పుస్తెలతాడు అమ్మి ఈ మర కొంది. ఆ కొత్తలో పొద్దున్నే విధవ మొహం చూడకూడదని కొందరు తొమ్మిదయ్యాక గానీ వచ్చేవారు కాదు. ఆ మర ఆడిన డబ్బుతోనే నేను చదువుకున్నాను, నీ హాస్టల్ ఫీజూ దాంట్లోంచే వస్తోంది. నువ్వెళ్ళిన మర్నాడు మోటారు ఆగితే అలవాటుగా ఆ మాటన్నాను. ఆవిడ మూల కూర్చుని బియ్యం చెరుగుతోంది. చేట ఒక్క క్షణం ఆగింది, మళ్ళీ ఆడింది. అంతే. తల కూడా ఎత్తలేదు. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు ఆగిందో, నేను మొన్ననే చూశాను.

"అందరూ అనేదే కదా, వాడుకలో మాట" అంటావేమో. వాడుక భాష కోసం గిడుగు రామ్మూర్తి గారు పోరాడింది మన పర్లాకిమిడిలో పంతులుగా ఉండే. జనం నోట్లో మాటకి విలువివ్వమన్నారు. అందరూ చిన్నచూపు చూసే సవర గిరిజనుల భాష తాను నేర్చుకుని, ఆ పిల్లలకి వాళ్ళ భాషలోనే పుస్తకాలు రాశారు. వాడుక అని చెప్పి ఒక మనిషిని కించపరచడానికి ఆయన పోరాటం అడ్డం పెట్టుకోకూడదు. 1936లో మన ఊరు ఒరిస్సాలో కలిసినా ఇంట్లో తెలుగు పోనివ్వలేదు మీ ముత్తాతలు. అలా కాపాడి మేం నీ చేతిలో పెట్టిన తెలుగులో ఇది కూడా ఉన్నందుకు నాకు బాధగా ఉంది.

ఆ మాట కంటే నువ్వన్న రెండో ముక్క నన్ను ఎక్కువ కలవరపెట్టింది. "మార్కులెలా వస్తాయో నాకు తెలీదేటి." ఏం తెలుసు నీకు? అదే ఓ మగపిల్లాడికి ఫస్టొస్తే ఏ గైడు చదివాడు, ఏ ట్యూషన్‌కి వెళ్తున్నాడు అని అడిగేవాడివి. ఆడపిల్ల కాబట్టి చదువు వదిలేసి నడత మీద పడ్డావు. నువ్వది నవ్వుతూ అన్నావు. ఆ నవ్వు నలుగురి నోట్లో పడి గుణుపురం చేరితే, ఆ పిల్లని చదువు మానిపించి ఇంటికి తీసుకుపోవడానికి అదొక్కటీ చాలు. మన వేపు అలా మానేసిన పిల్లలు నాకు తెలుసు.

మాటల సంగతి పెద్దవాళ్ళకీ నేర్పాల్సి వస్తోంది. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు, ఆడవాళ్ళ గురించి తీర్పుల్లో ఏ మాటలు రాయకూడదో, బదులుగా ఏం రాయాలో చెబుతూ ఒక చేతిపుస్తకం తెచ్చింది. 'ఈవ్ టీజింగ్' అనొద్దు, వీధిలో లైంగిక వేధింపు అని రాయమంది. జడ్జీలే కొత్తగా నేర్చుకుంటుంటే మనం నేర్చుకోవడంలో నామోషీ ఏముంది?

ఆ అమ్మాయి వినలేదు కాబట్టి ఆమె దగ్గరికెళ్ళి క్షమాపణ చెప్పమనను. చెప్తే ఆ మాట ఆమెకి కొత్తగా చేరవేసినట్టవుతుంది. విన్నది ఆ ఇద్దరూ. వాళ్ళకి చెప్పు, నేనన్నది తప్పు, నాకేమీ తెలియకుండానే అన్నానని. కష్టమే. నేను మీ నాన్నమ్మకి చెప్పడానికి మూడు రోజులు పట్టింది. చెప్తే, "ఇన్నాళ్ళకి వినిపించిందేట్రా" అంది.

చోడిపిండి రెండు కేజీలు ఆడించి పంపుతున్నాను, ఈ ఉత్తరం ఆ సంచిలోనే పెడుతున్నాను. నాన్నమ్మే జల్లించింది. ముట్టగానే ఆవిడకి ఫోన్ చెయ్యి.

మీ నాన్న