ముందు గాలి, తరువాతే బోరు

పూజ్యులైన బాబాయిగారికి,

నమస్కారాలు. మేమందరం క్షేమం. పిన్ని మోకాళ్ళ నొప్పి తగ్గుముఖం పట్టిందని అమ్మ చెప్పింది, సంతోషం.

నేను పెద్ద బోరు (గొట్టం లోపలి వెడల్పు) ఎయిర్ రైఫిల్ కొంటున్నానని తెలిసి, "గాలి తుపాకీకి అంత బోరెందుకురా?" అని మీరు నవ్వారట. అడగవలసిన ప్రశ్నే. ఇక్కడి షూటింగ్ క్లబ్బులో చాలామంది ఆ ప్రశ్న వేసుకోకుండానే .50 అంగుళం అనే అంకె చూసి మురిసిపోతారు.

అయినా ఇది కొత్త వింత కాదు బాబాయ్. 1780ల్లోనే ఆస్ట్రియా సైన్యం దగ్గర గిరాండోనీ గాలి తుపాకీలు ఉండేవి. బోరు .46 దగ్గర. తుపాకీ మడమే, అంటే భుజానికి ఆనించే భాగమే, గాలి తిత్తి. దాన్ని నింపడానికి చేతిపంపు దాదాపు 1500 సార్లు కొట్టాలట! తుపాకీ మోసే సిపాయి కన్నా పంపు కొట్టే సిపాయి మీదే నాకు జాలి.

ఇప్పటికీ అసలు చిక్కు అక్కడే ఉంది. మనం ఎరిగిన .177 అంటే 4.5 మిల్లీమీటర్లు. .357 అంటే 9, .50 అంటే 12.7. గుండు లావయ్యేకొద్దీ బరువు పెరుగుతుంది, దాన్ని తోయడానికి బోలెడు గాలి కావాలి. గొట్టం వంచి స్ప్రింగు బిగించే రకం .25 దాటితే ఆయాసపడుతుంది. అందుకే వీటికి 200 నుంచి 300 బార్ల ఒత్తిడితో ముందే గాలి నింపిన సిలిండర్ ఉంటుంది. కారు టైరులో ఉండేది రెండు బార్ల పైచిలుకే.

క్లబ్బులో ఒక పెద్దాయన తన .457 నా చేతికిచ్చారు. చిటికెన వేలి కొనంత సీసపు గుండు. ట్రిగ్గర్ నొక్కగానే దబ్బుమన్న చప్పుడు, భుజానికి మెత్తని తోపు. నా కళ్ళు మాత్రం గురిపలక మీద కాదు, ఒత్తిడి చూపే గేజి మీద ఉన్నాయి. ఒక్కో దెబ్బకూ ముల్లు కంటికి కనిపించేలా వెనక్కి జారుతోంది. మొదటి మూడు గుండ్లు ఒకదాని పక్కన ఒకటి పడ్డాయి. నాలుగోది జానెడు కిందికి దిగింది. ఒత్తిడి పడిపోయింది, మళ్ళీ నింపాలి. ఎన్ని దెబ్బలకు గురి నిలుస్తుందన్నదే ఈ తుపాకీల అసలు కొలత. అమ్మేవాళ్ళు చెప్పేది మాత్రం మొదటి గుండు వేగం.

శక్తి లెక్క మీకు చెప్పనక్కరలేదు: బరువులో సగాన్ని వేగం వర్గంతో గుణించడమే. .357లో 81 గ్రెయిన్ల పెల్లెట్ (నడుము సన్నగా ఉండే సీసపు గుండు), అంటే అయిదు గ్రాముల పైన, సెకనుకు 274 మీటర్ల వేగంతో వెళితే దాదాపు 197 జౌల్స్. మందుతో పేలే మామూలు .22 రిమ్‌ఫైర్ చిన్న తూటాది 140 నుంచి 190. నేను కొట్టేది కాగితాన్నీ ఇనుప పలకనూ. ఇంతకు మించి ఎందుకు? పెద్ద జంతువుల వేటకు వెళ్ళేవారికి .457, .50 న్యాయమే, వేట నా ఉద్దేశం కాదు.

పైగా బరువైన గుండు నిదానంగా పోతుంది. సెకనుకు 240 మీటర్ల వేగంతో బయలుదేరిన గుండుకు 50 మీటర్ల దగ్గర గురి సరిచేస్తే, 100 మీటర్లకు దాదాపు అర మీటరు కిందికి పడుతుంది. దూరం అంచనాలో పది మీటర్లు తేడా వస్తే గురి తప్పినట్టే. శక్తి మాత్రం చావదు. కాబట్టి వెనుక గట్టి మట్టిదిబ్బ లేనిదే ఇది పేల్చే వస్తువు కాదు. "గాలి తుపాకీయే కదా" అనే మాట నాకు చిరాకు. చట్టాలు కూడా చాలాచోట్ల శక్తినే చూస్తాయి: జర్మనీలో 7.5 జౌల్స్ దాటితే, ఇంగ్లండ్‌లో రైఫిల్‌కు 12 అడుగు-పౌండ్లు (దాదాపు 16 జౌల్స్) దాటితే అనుమతి కావాలి. నేను ముందు ఆ కాగితాల పనే చూసుకున్నాను.

అందుకని .357 ఖాయం చేశాను. పెల్లెట్లూ, తూటా ఆకారపు స్లగ్గులూ రెండూ దొరుకుతాయి. గొట్టం లోపల గుండును తిప్పే మెలిక గాడి దేనికి నప్పుతుందో కాల్చి చూస్తే గానీ తెలియదు. అంగుళంలో వెయ్యో వంతు తేడాతో రెండు మూడు కొలతల గుండ్లు కొద్దికొద్దిగా కొంటాను. తుపాకీ కన్నా ముందు 300 బార్ల కార్బన్ ఫైబర్ ట్యాంకు తెప్పిస్తున్నాను, క్లబ్బు కంప్రెసర్‌తో నింపుకోవచ్చు. గాలి పొడిగా ఉండాలి, తేమ చేరితే లోపల తుప్పు. ఆక్సిజన్ సిలిండర్ జోలికి పోనులెండి, నూనె చుక్క తగిలితే పేలే ప్రమాదం ఉంది.

గురి చూసే టెలిస్కోప్ ఒక్కటే తేలలేదు. గుండు అంత పడిపోతుంది కాబట్టి గీతలున్న అద్దం కావాలని నేను, మీట తిప్పి సరిచేసుకునేది మేలని ఆ పెద్దాయన. మీరు ఎటువైపో రాయండి.

ఇట్లు,
మీ పెద్దబ్బాయి